వామాకు మొక్కకి నీళ్ళు తగ్గించు తల్లీ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశానే. కాండం అడుగున నల్లగా మెత్తబడిపోయిందంటే ఆ మొక్క పని అయిపోయినట్టే, ఇప్పుడు ఎరువు వేసినా లాభం లేదు. కానీ పైన రెండు కొమ్మలు పచ్చగా గట్టిగానే కనిపిస్తున్నాయి కదా, వాటిని మాత్రం పారేయకు. కణుపు కింద నాలుగైదు అంగుళాల ముక్క కోసి, కింది ఆకులు తీసేసి, ఒక పూట నీడలో ఆరనిచ్చి, సగం మట్టి సగం ఇసుక కలిపిన కుండీలో గుచ్చేయ్, మూడు వారాల్లో చిగురేస్తుంది.

అసలు నువ్వు దాన్ని గారాబం చేసి చంపావు. ఆ ఆకు పట్టుకుని చూడు, దళసరిగా ఎలా ఉంటుందో, నీళ్ళన్నీ అందులోనే దాచుకుంటుంది, రోజూ చెంబుతో పోస్తే వేరు కుళ్ళక ఏం చేస్తుంది? వేలు మట్టిలోకి పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పొయ్యి. పొద్దుటి ఎండ చాలు. ఇంకోటి, కొసలు తుంచుతూ ఉండాలి, తుంచకపోతే పొడుగ్గా సాగి వాలిపోతుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా, కొత్తలో పోపులపెట్టెలో వాము తీసి చల్లాను. కొత్తిమీరలా సన్నాకు వచ్చేసరికి నాసిరకం గింజలని కొట్టువాణ్ణి తిట్టాను పాపం. వాముది కొత్తిమీర జాతట, మన వామాకుది తులసి, పుదీనాల జాతి, రెండిట్లోనూ థైమాల్ అనే ఘాటు వాసన పదార్థం ఉంటుంది కాబట్టి వాసన ఒకటేలా కొడుతుంది అంతే. మీ డల్లాస్ నర్సరీల్లో దీన్నే క్యూబన్ ఒరేగానో అంటారు, వామాకు అని అడిగితే ఎవరికీ తెలీదు.

ఇక బజ్జీలు. నీ కంప్లయింట్ పిండి జారిపోతోందనే కదా, ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది చూడు, అది తడిని పట్టేస్తుంది, గుడ్డతో రెండు వైపులా అద్ది తుడిస్తే తప్ప పోదు. తొడిమ ఉంచే కొయ్యి, పట్టుకుని ముంచడానికి అదే పిడి. కప్పు శనగపిండికి రెండు స్పూన్లు బియ్యప్పిండి, ఉప్పు, కారం, చిటికెడు సోడా, ఒక స్పూను కాగిన నూనె. వాము వెయ్యకు, ఆకులోనే ఉందిగా! ముదురాకు ఘాటు, మరీ లేతది పిండిలో కనపడదు, మధ్యరకం మంచిది. మిగిలిన ముదురాకులు జీలకర్ర, పచ్చిమిర్చితో నూనెలో మగ్గనిచ్చి, కాస్త కొబ్బరేసి నూరి, పెరుగులో కలిపి తాలింపు పెట్టు, నాకైతే బజ్జీ కంటే అదే ఇష్టం, మీ పెదనాన్న ఒప్పుకోరు లే.

దగ్గొస్తే ఆకు పెనం మీద వాడ్చి రసం పిండి తేనెతో నాకించేవాళ్ళం మనింట్లో. నీకూ అల్లుడికీ సరే, చంటాడికి మాత్రం వద్దు, ఏడాది నిండేదాకా తేనె అసలు పెట్టకూడదు, వాడి దగ్గుకి డాక్టరుకే చూపించు.

చలికాలం మంచు పడే ముందే కుండీ లోపల కిటికీ దగ్గర పెట్టుకో, మంచుకి ఒక్క రాత్రిలో పోతుంది. అదంతా తర్వాత సంగతి, ముందు ఆ రెండు కొమ్మలు ఇవాళే కొయ్యి, ఆలస్యమైతే నలుపు పైదాకా పాకేస్తుంది.

పెద్దమ్మ