చపాట తోటలో సన్న కాయలు: ఇంటి విత్తనం ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న పల్లె. నర్సంపేట వైపు నుంచి మా బావమరిది తెచ్చిచ్చిన చపాట మిరప విత్తనాన్ని మూడేళ్లుగా ఇంట్లోనే తీసి ఎకరంన్నరలో వేస్తున్నాం. పక్క తోటలో తేజ రకం మిరప ఉంది. ఈసారి కొన్ని చెట్లకు కాయ సన్నగా, పొడుగ్గా, ఘాటుగా వస్తోంది. తేజ పక్కన ఉన్నందుకే కాయ మారిందా? ఈ విత్తనం మళ్లీ వాడొచ్చా? పెరట్లో పైకి నిలబడి కాసే చిన్న మిరప కూడా ఉంది, అదేం రకం?

జవాబు: కాయ ఈ ఏడు మారలేదండీ. కాయ తోలు, కండ తల్లి చెట్టువి. పక్క తోట పుప్పొడి పడితే మారేది లోపలి గింజ. ఆ మార్పు గింజ మొలిచి కాపుకొచ్చాకే బయటపడుతుంది. అంటే మీరిప్పుడు చూస్తున్నది నిరుడో ముందటేడో జరిగిన కలయిక. మిరప సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది, కానీ తేనెటీగలు ఊరుకోవు కదా. అందుకే విత్తనం కోసం వేసే మిరపకు, వేరే రకానికి మధ్య కనీసం 200 మీటర్లు, మిగతా విత్తనాన్ని పెంచడానికి వాడే మూల విత్తనానికైతే 400 మీటర్లు ఎడం ఉండాలంటారు. ఎకరంన్నర రైతుకు అది అయ్యే పని కాదు.

మీరు పంపిన ఫొటోలో మూడు కాయలున్నాయి. మొదటిది లావుగా, టమాటాలా ముడతలు పడి ఉంది. అది అసలు చపాట. మూడోది సన్నగా, మొన తేలి, తేజ పోలికలో ఉంది. నడిమిది భుజం దగ్గర లావు, కొస దగ్గర సన్నం. కల్లంలో ఎండాక ఈ నడిమి కాయను చపాటే అనుకుని విత్తనానికి తీసి ఉంటారు. చాలామంది చేసే పొరపాటే ఇది. ఎండిన రాశిలో కాయ కనిపిస్తుంది గానీ చెట్టు కనిపించదు. గింజను చూసి రకం చెప్పడం మాకూ కుదరదు.

కాబట్టి ఈసారి విత్తనాన్ని చెట్టు మీదే ఎంచుకోండి. తేజ గట్టుకు దూరంగా ఉన్న సాళ్లలో తిరిగి, చెట్టంతా ఒకే తీరు లావు కాయ ఉన్నవి, ఆకు ముడత, కాయకుళ్లు లేనివి 30 చెట్లు గుర్తుపెట్టుకోండి. అయిదారు చెట్లతో సరిపెడితే రకం బలం తగ్గిపోతుంది. ఒక్కో చెట్టుకు రెండు కొమ్మలు చాలు. వాటి మీద విచ్చిన పూలు, పిందెలు, కాయలు అన్నీ తుంచేసి, మొగ్గలు మాత్రం ఉంచి, పాత దోమతెర గుడ్డతో సంచి కట్టండి. పొద్దున పూట కొమ్మను మెల్లగా తట్టండి, పుప్పొడి రాలుతుంది. కాయ కట్టాక సంచి తీసేసి ఎర్ర దారం చుట్టండి. కాయ కోసే కూలీలకు ముందే చెప్పకపోతే ఆ దారం కాయలు కూడా బస్తాలోకి పోతాయి, మళ్లీ మొదటికొస్తుంది.

చెట్టుకు 20 కాయలు, కాయకు 60 గింజలు అనుకున్నా 36,000 గింజలొస్తాయి. గ్రాముకు 150 నుంచి 200 గింజలు తూగుతాయి కాబట్టి ఇది సుమారు 200 గ్రాములు. నారుమడిలో చల్లితే ఎకరానికి 650 గ్రాములు కావాలి గానీ, ట్రేలలో గింజకో గుంట చొప్పున పెంచితే మీ ఎకరంన్నరకు ఇది సరిపోతుంది.

కాయను చెట్టు మీదే బాగా పండనివ్వండి. మచ్చ పడ్డవి, తాలు కాయలు పక్కన పెట్టండి. కాయకుళ్లు గింజతోనే వచ్చే ఏడుకు వస్తుంది. గింజల్ని నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో ఆరబెట్టండి. మధ్యాహ్నం ఎండలో, రేకు మీద పోస్తే మొలక దెబ్బతింటుంది. బాగా ఆరాక గాలి చొరని సీసాలో దాచండి.

మీ పక్క తోటలోది తేజ పేరుతో అమ్మే హైబ్రిడ్ అయితే దాని గింజ మాత్రం తీయకండి, మరుసటి ఏడు చెట్టుకో తీరు కాస్తుంది. చపాట పాత నాటు రకం, అందుకే మీకు ఈ వీలుంది. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే. అయితే అది ఆ ప్రాంతపు పంటకే. సిరోంచలో పండింది ఆ పేరుతో అమ్మడానికి లేదు.

పెరట్లోది వేరే జాతి కావచ్చు. ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు పూలు, పూరేకు తెలుపులో ఆకుపచ్చ ఛాయ, పండిన కాయ తొడిమ నుంచి సులువుగా ఊడిరావడం దాని గుర్తులు. మీ చపాట పూత చూడండి, సాధారణంగా కణుపుకు ఒకటే, తెల్లగా ఉంటుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి అంత తేలిగ్గా కలవవు, దాని గురించి టెన్షన్ పెట్టుకోకండి.

విత్తే ముందు 30 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్‌ను 200 మి.లీ. నీటిలో కలిపి, ఆ 200 గ్రాముల గింజను 20 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. గింజను అంటుకున్న వైరస్‌కు ఇది పనికొస్తుంది. తెల్లదోమ తెచ్చే ఆకు ముడతను ఇది ఆపదు.

జూన్ మొదటి వారంలో 100 గింజలు తడి గుడ్డలో చుట్టి 14 రోజులు చూడండి. 60 కంటే తక్కువ మొలిస్తే ఆలస్యం చేయకుండా మీ బావమరిదికి ఫోన్ చేయండి.