అడగండి, చెబుతా: సిట్టింగ్ మీద పోటీకి దిగేముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం అమెరికా ప్రైమరీల గురించే. న్యూజెర్సీలో ఎన్నికలొస్తే క్లిప్‌బోర్డు పట్టుకుని తలుపులు కొట్టే మనిషిని కాబట్టి నా చేతికే ఇచ్చారు. మిగతా ఉత్తరాలు వచ్చే నెల.

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్‌లో ఉంటాడు, సిటిజన్‌షిప్ వచ్చింది. డెమొక్రాట్లంటే ప్రాణం పెడతాడు. అలాంటివాడు శని, ఆదివారాలు ఆ పార్టీకే చెందిన కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడిని దించేయాలని ఇల్లిల్లూ తిరుగుతున్నాడట. ఇది వెన్నుపోటు కాదా చెల్లెమ్మా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: కాదు అన్నయ్యగారూ, ఇక్కడ అది మామూలే. మన దగ్గర టికెట్ హైకమాండ్ ఇస్తుంది, ఇక్కడ ఓటర్లు ఇస్తారు. నవంబరు ఎన్నికకు ముందు ప్రైమరీ జరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే బీ-ఫారం కోసమే ఒక ఎన్నిక అన్నమాట. సిట్టింగ్‌కు ఎదురుగా ఎవరైనా నిలబడితే ఆయనా మళ్లీ ఓట్లు అడుక్కోవాల్సిందే.

మీ అబ్బాయి ఉండే ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. జో క్రౌలీ 1999 నుంచి కాంగ్రెస్‌లో ఉన్నారు, సభలో డెమొక్రాట్లకు నాలుగో పెద్ద నాయకుడు, క్వీన్స్‌లో పార్టీ అధ్యక్షుడూ ఆయనే. 2004 తర్వాత ఆయనకు ప్రైమరీలో పోటీయే లేదు. 2018 జూన్ 26న అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఆయన్ని ఓడించారు. అంతకు కొద్ది నెలల ముందు దాకా ఆమె బార్‌లో పనిచేసేవారు. ఆ ప్రైమరీలో ఇద్దరికీ కలిపి పడినవి 30 వేల లోపు ఓట్లే. లక్షల జనం ఉన్న నియోజకవర్గంలో నాలుగు వేల పైచిలుకు తేడాతో దాదాపు ఇరవయ్యేళ్ల చరిత్ర మారిపోయింది. మీవాడు తలుపులు కొడుతున్నాడంటే ఊరికే కాదు.

ప్రశ్న: మా కాంగ్రెస్ సభ్యుడి మీద మా గ్రూపులో అందరికీ కోపమే. వచ్చే ప్రైమరీలో ఎవరినైనా నిలబెడదామని కొందరు, పక్క నియోజకవర్గం ఆయన ఇంకా ఘోరం, ముందు ఆయన సంగతి చూద్దామని మరికొందరు. ఎలా తేల్చుకోవాలి అక్కా? – ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోపం కొలిచి తేల్చుకోకండి తమ్ముడూ. కోపం లెక్కన చూస్తే దేశంలో అందరి మీదా పోటీ పెట్టాలి. 2024లో సభ మొత్తం మీద ప్రైమరీలో ఓడిన సిట్టింగ్‌లు నలుగురే. చేతిలో ఉన్న కొద్దిమంది వాలంటీర్లను ఎక్కడ దింపాలన్నదే అసలు ప్రశ్న.

నేనైతే ముందు నియోజకవర్గాన్ని చూస్తాను, మనిషిని తర్వాత. ఆ సీటు పార్టీకి ఎంత గట్టిది, అక్కడి జనం ఈయన ఓట్లకన్నా ఎంత ముందున్నారు? షికాగో పక్కన డాన్ లిపిన్‌స్కీ సంగతి చూడండి. తండ్రి ఖాళీ చేసిన సీటు కొడుక్కి వచ్చింది. డెమొక్రాట్లకు భద్రమైన చోటు, అయినా ఆయన 2010లో ఒబామా ఆరోగ్య చట్టానికి వ్యతిరేకంగా ఓటేశారు. గర్భస్రావం హక్కులకూ వ్యతిరేకమే. పార్టీ ఓటరుకూ ఆయనకూ మధ్య అంత దూరం ఉంది కాబట్టే మెరీ న్యూమన్ అనే పోటీదారుకు చోటు దొరికింది. 2018లో కొద్దిలో ఓడారు, 2020లో గెలిచారు. (2022లో హద్దులు మార్చేసరికి ఆవిడే మరో సిట్టింగ్‌తో తలపడి ఓడిపోయారనుకోండి, రాజకీయం అంతే.) మొదటిసారే గెలవాలని పట్టుబట్టకండి. సెయింట్ లూయిస్‌లో కోరీ బుష్ కూడా 2018లో ఓడి, 2020లోనే లేసీ క్లేని దించారు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి 1969 నుంచి ఏలిన సీటు అది.

తర్వాత చూడాల్సింది, ఆయన ఊళ్లో ఉంటున్నారా లేదా. వింటే చిన్న విషయంలా ఉంటుంది కానీ, తలుపు దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడు ఇంతకన్నా పనిచేసే మాట లేదు. బడ్జెట్ బిల్లు మీద ఏ ఓటు వేశాడో చెబితే బుర్ర ఊపి తలుపేస్తారు. ‘మన ఊళ్లో ఆయన్ని ఎప్పుడైనా చూశారా?’ అంటే గడప దాటి బయటికొచ్చి మరీ మాట్లాడతారు. క్రౌలీ ఒక చర్చకు తను రాకుండా వేరొకరిని పంపారు, అది ఎంత నష్టం చేసిందో లెక్కలేదు. బ్రాంక్స్‌లో ఎలియట్ ఎంగెల్ 2020లో ఒక సభలో మాట్లాడే అవకాశం అడుగుతూ, ‘నాకు ప్రైమరీ లేకపోతే పట్టించుకునేవాణ్ణే కాదు’ అన్నారు. మైకు ఆన్‌లో ఉంది. మూడు వారాలకు జమాల్ బోమన్ చేతిలో ఓడిపోయారు. రిపబ్లికన్లలోనూ ఇదే కథ. ఇండియానా సెనేటర్ రిచర్డ్ లూగర్ ఓటరు జాబితాలో చూపిన ఇల్లు ఆయన 1977లోనే అమ్మేసిన ఇల్లు. 2012లో టీ పార్టీ అనే రిపబ్లికన్ అతివాద వర్గం వాళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు.

మూడోది మీ అభ్యర్థి. ‘ఎవరో ఒకరు’ అన్న మాట మీ గ్రూపులో వినిపిస్తే ఆ ఏడాదికి మానుకోండి. టెక్సస్‌లో హెన్రీ క్వెయార్ మీద నిలబడ్డ జెస్సికా సిస్నెరోస్ పుట్టి పెరిగింది లరేడోలో, ఒకప్పుడు ఆయన ఆఫీసులోనే ఇంటర్న్. 2022 రనాఫ్‌లో, అంటే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత పోటీలో, మూడు వందల లోపు ఓట్లతో ఓడింది. ఓడినా ఆయనకు చెమటలు పట్టించింది. ఆ ఊరి మనిషి కాకపోతే అంత దగ్గరికి వచ్చేది కాదు.

ఇక సంతకాలు. న్యూయార్క్‌లో కాంగ్రెస్‌కు నిలబడాలంటే మామూలుగా 1,250 మంది కావాలి, అదీ ఆ పార్టీలో నమోదైనవాళ్లే. మూడు రెట్లు తెచ్చుకోవాలని అనుభవమున్నవాళ్లు చెబుతారు, ఎందుకంటే ఎదుటి లాయరు ఒక్కో సంతకాన్నీ వేలితో చూపించి కొట్టేయిస్తాడు. మనవాళ్ల అపార్ట్‌మెంట్లలో ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను. తలుపు తీయగానే కుక్కర్ విజిల్, వెనకాల టీవీలో వార్తలు. ‘రండి ఆంటీ, కాఫీ తాగండి’ అంటారు. సంతకం అనేసరికి ‘మాది హెచ్-వన్ కదండీ’. పక్కింట్లో ఓటుంది, కానీ ఏ పార్టీలోనూ నమోదు లేదు. కాఫీలు బాగానే వస్తాయి, సంతకాలే రావు. అందుకే ఓటర్ల జాబితా ముందుగా తెచ్చుకుని, దాంట్లో ఉన్న తలుపులే కొట్టండి.

మన న్యూజెర్సీలో ఒక మంచి మార్పొచ్చింది. ఇన్నాళ్లూ కౌంటీ పార్టీ మెచ్చినవాళ్లందరినీ బ్యాలెట్‌లో ఒకే వరసలో పెట్టి, ఎదురు నిలబడ్డవాళ్లను దూరంగా ఓ మూలకు నెట్టేవారు. దాన్నే ‘కౌంటీ లైన్’ అంటారు, 21 కౌంటీల్లో 19 చోట్ల ఉండేది. సెనేట్‌కు నిలబడ్డ ఆండీ కిమ్ వేసిన కేసులో ఫెడరల్ జడ్జి 2024 మార్చి 29న దాన్ని ఆపేశారు. నన్నడిగితే మీ గ్రూపు కోపం కన్నా ఆ తీర్పే మీకు పెద్ద బలం. ఇంకొక్కటి, వేరే పార్టీలో నమోదైన మీ స్నేహితులు మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే మారాలి. ఏ పార్టీలోనూ లేనివాళ్లకు ఆ టెన్షన్ లేదు, ఆ రోజు వెళ్లి చెబితే చాలు.

పక్క నియోజకవర్గం సంగతంటారా, మీలో ఎవరూ అక్కడ ఉండరుగా. దాని జోలికి పోకండి.

ప్రశ్న: సిట్టింగ్‌ను దించి, చివరికి సీటే ఎదుటి పార్టీకి పోతే? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పోయాయండీ, దాచేదేముంది. లూగర్‌ను ఓడించిన మర్డాక్ నవంబరులో డెమొక్రాట్ చేతిలో ఓడారు. ఒరెగాన్‌లో 2022లో కర్ట్ ష్రేడర్ మీద జేమీ మెక్‌లియడ్-స్కిన్నర్ గెలిచారు. నవంబరులో సీటు రిపబ్లికన్లకు పోయింది, రెండేళ్లకు గానీ తిరిగి రాలేదు. అటూ ఇటూ ఊగే సీటులో నేనైతే క్లిప్‌బోర్డు ముట్టుకోను. ష్రేడర్ మీద కోపం న్యాయమైనదే, మందుల ధరలు తగ్గించే ప్రతిపాదనకు కమిటీలో అడ్డుపడ్డాడు. కానీ ఆ సీటు మాత్రం బ్రాంక్స్ కాదు.

సిట్టింగ్‌లను దించడానికి డబ్బు పెట్టేవాళ్లు అటువైపూ ఉంటారు. 2024లో ఇజ్రాయెల్ అనుకూల సంస్థ ఏఐపీఏసీకి చెందిన సూపర్ ప్యాక్ (ఎన్నికల ప్రచారానికి డబ్బు ఖర్చుపెట్టే సంస్థ) ఒక్క బోమన్‌ను దించడానికే 1.4 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. అంతకు నాలుగేళ్ల కిందట సిట్టింగ్‌ను దించినవాడు తనే సిట్టింగయ్యి దిగిపోయాడు. కోరీ బుష్‌దీ అదే ఏడాది అదే కథ.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటిది పెట్టలేమా మేడమ్? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: 2014 లోక్‌సభ ఎన్నికలప్పుడు మన కాంగ్రెస్ పార్టీ కొన్ని నియోజకవర్గాల్లో ప్రయత్నించింది, తర్వాత ఆ ఊసే లేదు. మన దగ్గర సిట్టింగ్‌ను మార్చాలా వద్దా అన్నది సర్వేలు చూసి అధినేత తేలుస్తారు. 2023 ఆగస్టులో కేసీఆర్ గారు 115 మంది జాబితా ఇస్తే అందులో మారినవాళ్లు ఏడుగురు. బీఆర్‌ఎస్‌కు 39 సీట్లొచ్చాయి. అదొక్కటే కారణమని నేననను. కానీ ఆ 115లో ఒక్క పేరు మీదైనా మీ ఊరి కార్యకర్తను ఎవరైనా ఓటు అడిగారా?

ప్రశ్న: నాది హెచ్-వన్. నచ్చిన అభ్యర్థికి వంద డాలర్లు పంపొచ్చా? – షార్లెట్ నుంచి

జవాబు: పంపకూడదు బాబూ. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, వీసా మీద ఉంటే చట్టం ఒప్పుకోదు. సిటిజన్ అయిన ఫ్రెండు చేతికిచ్చి అతని పేరు మీద కట్టించడం ఇంకా పెద్ద నేరం. జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయొచ్చు, తలుపులు కొట్టొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. ప్రచారంలో డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం కూర్చోకూడదు. ఎవరైనా డబ్బులకు రమ్మంటే ‘నాది వీసా’ అని మొహం మీదే చెప్పండి.