బ్యాంకాక్‌లో ఒక్క పూట భోజనానికి చీటీ పాడుకోవాలా?

ఈ వారం ఉత్తరం రాసినావిడ హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తారు, వయసు 36. పేరు వేయొద్దన్నారు, వాళ్ళ అత్తగారు ఈ శీర్షిక చదువుతారట. చేతికొచ్చే జీతం 92,000. ఇంటి ఈఎంఐ భర్త కడతారు, ఇంటి ఖర్చూ పాప స్కూలు ఫీజూ ఈవిడ చూసుకుంటారు. షెఫ్‌లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి, సంజీవ్ కపూర్ టీవీలో వండుతుంటే పక్కన కూర్చుని నోట్సు రాసుకున్న మనిషి. ఏ ఊరికి వెళ్ళాలన్నా ముందు రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసి ఆ తర్వాత విమానం టికెట్ కొంటారు. పోయినేడాది సింగపూర్ వెళ్ళొచ్చారు, ఆ బాకీ క్రెడిట్ కార్డు మీద 1,18,000 ఇంకా కూర్చునే ఉంది, నెలకు 6,000 కడుతున్నారు. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. 5 లక్షల చీటీ ఒకటి, 25 నెలలది, 16 నెలలు కట్టారు, ఇంకా ఎత్తలేదు.

ఇప్పుడు ఆవిడకి చెల్లెలితో కలిసి బ్యాంకాక్ వెళ్ళి గగన్ ఆనంద్ రెస్టారెంట్‌లో భోంచేయాలని ఉంది. అడిగినవి రెండు. "పాటలో ఓ 70,000 వదులుకుంటే చీటీ నాకే వస్తుంది, దాంతో కార్డు తీర్చేసి, ట్రిప్పుకి వెళ్ళొచ్చి, మిగిలింది పాప పేరు మీద వేస్తాను, తప్పా?" అనేది మొదటిది. "ఒక్క పూట తిండికి 12,000 బాత్‌లు, అంటే 36,000, నీకేమైనా మతి పోయిందా అంటున్నారు మా ఆయన. పోయిందంటారా?" అనేది రెండోది.

రెండోదానికి ముందు చెప్తానమ్మా. పోలేదు. కొందరు పెళ్ళికి కట్టిన పట్టుచీర మళ్ళీ బీరువాలోంచి తియ్యరు, కొందరు నాలుగేళ్ళకోసారి కారు మారుస్తారు, వాళ్ళని ఎవరూ మతి పోయిందా అని అడగరు. మీ సరదా తిండి, అంతే. పైగా మీరు ఎంచుకున్న మనిషి ఆషామాషీ కాదు. కోల్‌కతాలో పుట్టి, 2010లో బ్యాంకాక్‌లో తన రెస్టారెంట్ తెరిచి, 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్ళు ఆసియా 50 బెస్ట్ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచి, 2019లో అది మూసేసి, అదే ఏడాది మళ్ళీ తన పూర్తి పేరుతో కొత్తది పెట్టి, 2025లో మళ్ళీ మొదటి స్థానానికి వచ్చినాయన. మెనూలో పదాల బదులు ఎమోజీలు పెట్టింది ఈయనే, ఒక వంటకాన్ని చేత్తో కూడా ముట్టకుండా ప్లేటు నాకి తినమన్నదీ ఈయనే. మా ఇంట్లో ప్లేటు నాకితే వీపు మీద ఒకటి పడేది, అక్కడ దానికి డబ్బిచ్చి మరీ వెళ్తున్నారు. సరే, మీ ఇష్టం.

నాకు మీ భోజనంతో పేచీ లేదు, మీరు దానికి డబ్బు తెద్దామనుకుంటున్న దారితోనే పేచీ.

చీటీ సంగతి చూడండి. ఇంకా 9 నెలలే ఉంది. చివరి దాకా ఆగితే కంపెనీ కమిషన్ 5 శాతం, అంటే 25,000 పోను 4,75,000 చేతికొస్తుంది. ఇప్పుడే పాడుకుంటే 4,30,000. తేడా 45,000. పాటలో వదిలిన దాంట్లో మీ వంతు డివిడెండ్‌గా ఒక 1,800 వెనక్కి వస్తుందనుకోండి, అది పెద్ద లెక్క కాదు. ఈ 45,000 ఎంతో గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్ళాక మళ్ళీ దీనితో పని ఉంది. పైగా చీటీ ఎత్తేశాక కూడా మిగిలిన 9 వాయిదాలూ కట్టాల్సిందే. ఎత్తకముందు కట్టడం పొదుపు, ఎత్తాక కట్టడం అప్పు తీర్చడం, అదే 20,000 గానీ కట్టేటప్పుడు మనసుకి వేరేగా ఉంటుంది, ఎత్తి చూసినవాళ్ళకి తెలుసు.

మీరు చీటీ గురించి ఆలోచించడానికి కారణం ఉంది, అది కూడా నాకు అర్థమైంది, కార్డు బాకీ మిమ్మల్ని గుచ్చుతోంది. గుచ్చాలి కూడా. మీ స్టేట్‌మెంట్‌లో నెలకు 3.6 శాతం వడ్డీ అని ఉంది. 1,18,000 మీద నెలకు 4,248. దానిపైన 18 శాతం జీఎస్టీ 765. మొత్తం 5,013. మీరు కట్టే 6,000లో అసలుకి పడుతున్నది వెయ్యికి కూడా 13 రూపాయలు తక్కువ. అదీ కాక, బాకీ నిలవ ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొత్తగా కొన్న కూరగాయలకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, నలభై, యాభై రోజుల గడువు అనేది మీకు ఇప్పుడు లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, మీకూ తెలియదని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది, ఎందుకంటే "కొత్త ఖర్చులకి వడ్డీ ఉండదు కదా" అని మీరే రాశారు.

కాబట్టి ఎఫ్‌డీ విరవండి. కొన్ని బ్యాంకులు మొత్తం విరవకుండా కొంత తీసుకోనిస్తాయి, అడగండి. ముందుగా తీసినందుకు వడ్డీలో కొంచెం కోత పడుతుంది, పడనివ్వండి. 7 శాతం చొప్పున ఆ 1,18,000కి నెలకు 700 కూడా రాదు, అటు 5,000 పోతోంది. "ఎఫ్‌డీ ముట్టుకోకూడదు, అది కష్టకాలానికి" అని మీ నాన్నగారు చెప్పారని రాశారు. మంచి మాటే చెప్పారు. మీకిప్పుడు వచ్చింది కష్టకాలమే, సింగపూర్ నుంచి వచ్చింది. కాకపోతే ఇది చేశాక మీ దగ్గర మిగిలేది 82,000, మీ ఇంటికి రెండు నెలలు వస్తుందేమో. అది నాకు నచ్చట్లేదు, అందుకే వెంటనే బ్యాంకాక్ వద్దంటున్నాను. (ఎఫ్‌డీ లేనివాళ్ళు ఇది చదువుతుంటే: కార్డు వాళ్ళకి ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమనండి, ఆ వడ్డీ కూడా తక్కువేం కాదు గానీ దీనికన్నా చాలా నయం.)

ఇక అసలు విషయం. మీరు పంపిన మూడు నెలల స్టేట్‌మెంట్లు కూర్చుని చూశాను. ఫుడ్ యాప్‌లు, శని ఆదివారాల బ్రంచ్‌లు, స్టార్ హోటల్‌కి ఎవరో ముంబయి షెఫ్ వచ్చాడని రెండు పాప్‌అప్ డిన్నర్లు, అన్నీ కలిపి నెలకు సగటున 14,000. వీటిలో మీకు గుర్తున్న భోజనాలు ఎన్ని? నాకు పంపిన ఉత్తరంలో సింగపూర్‌లో తిన్న హాకర్ చాన్ చికెన్ రైస్ గురించి అరపేజీ రాశారు, హైదరాబాద్‌లో మూడు నెలల్లో 42,000 పెట్టి తిన్నదాని గురించి ఒక్క వాక్యం లేదు. ఆ చికెన్ రైస్ ఎంత? కొద్ది డాలర్లు. 2016లో మిషెలిన్ స్టార్ (మంచి రెస్టారెంట్లకి ఒక గైడ్ పుస్తకం ఇచ్చే గుర్తింపు) వచ్చిన బండి కొట్టు అది, 2021లో ఆ స్టార్ పోయింది కూడా, అయినా మీకు ఇంకా నోరూరుతోంది.

స్టార్లంటే గుర్తొచ్చింది. ఆ మిషెలిన్ గైడ్ 1900లో ఫ్రాన్స్‌లో ఒక టైర్ల కంపెనీ అచ్చేసి పంచిన పుస్తకం. జనం కార్లలో ఎక్కువ తిరగాలి, టైర్లు అరగాలి, మళ్ళీ కొనాలి, అదీ దాని వెనకున్న లెక్క. మూడు స్టార్లంటే "దాని కోసమే ప్రయాణం కట్టదగ్గది" అని ఇప్పటికీ అర్థం. అంటే నూట పాతికేళ్ళ క్రితమే మీలాంటి వాళ్ళ కోసం వల వేసి కూర్చున్నారన్నమాట! నేను తిట్టడం లేదు, వ్యాపారం తెలిసినవాళ్ళని మెచ్చుకుంటున్నాను.

మీ 36,000 లెక్క దగ్గరికి వద్దాం, అది తప్పు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో 12,000 పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయి, చూశారా? థాయ్‌లాండ్‌లో వాటి అర్థం 10 శాతం సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద 7 శాతం వ్యాట్. 12,000 కాస్తా 14,124 బాత్‌లు అవుతుంది. బాత్‌కి 3 రూపాయలు అనుకుంటే (కొంచెం ఎక్కువే అనుకుంటున్నాను, కావాలనే) 42,372. మన కార్డుతో కడితే చాలా కార్డుల్లో విదేశీ కరెన్సీ మార్కప్ (డబ్బు మార్చినందుకు బ్యాంకు తీసుకునేది) 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, ఇంకో 1,750. కలిపి 44,000 పైమాటే. ఇందులో మందు లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 45,000 ఇదే. చీటీ తొందరపడి పాడుకుంటే, గగన్ వంట ఒకసారి మీరు తింటారు, అదే ధరకి ఇంకో భోజనం చీటీలో మిగతా సభ్యులకి పెడతారు.

కార్డు గీకేటప్పుడు ఇంకో మాట. మెషీన్ బాత్‌లలో కట్టాలా, రూపాయల్లో కట్టాలా అని అడుగుతుంది. రూపాయలు కనబడగానే మనకి ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. ఒకసారి విదేశంలో ఒక హోటల్‌లో నేనే, ఊరందరికీ సలహాలిచ్చే నేనే, వెయిటర్ మెషీన్ ముందు పెట్టగానే తల ఊపి రూపాయలు నొక్కాను, గదికొచ్చి రేటు చూసుకుంటే ఒక పూట టిఫిన్ డబ్బులు అదనంగా పోయాయి. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. బాత్‌లే నొక్కండి. మార్కప్ లేని ఫారెక్స్ కార్డో, డెబిట్ కార్డో ఉంటే ఇంకా మంచిది.

ట్రిప్పు మొత్తం నా లెక్కలో మీ ఒక్కరికి: విమానం 22,000, చెల్లెలితో పంచుకుంటే నాలుగు రాత్రుల గది మీ వంతు 10,000, ఆ పెద్ద భోజనం 44,000, మిగతా తిండి 12,000, తిరుగుళ్ళూ ఇన్సూరెన్సూ 6,000, చేతిలో ఇంకో 6,000. లక్ష. మిగతా తిండిలో జై ఫాయ్ పీతల ఆమ్లెట్ కూడా కలిపాను, మీరు రాయలేదు గానీ మీరు వెళ్ళకుండా ఉండరని తెలుసు. స్కీయింగ్ కళ్ళద్దాలు పెట్టుకుని బొగ్గుల మీద వండే ఆ పెద్దావిడ దగ్గర ఆమ్లెట్ ఒక్కటే వెయ్యి బాత్‌లు దాటుతుంది, వరసలో గంటలు నిలబడాలి, అసలు తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఈ లక్ష ఎలా? కార్డు తీరిపోగానే నెలకు 6,000 మిగులుతుంది, దాన్ని తిన్నగా విరిచిన ఎఫ్‌డీ పూడ్చడానికి ఆర్‌డీలో వేయండి, అది ట్రిప్పుది కాదు. ఇక్కడి తిండి 14,000ని 8,000కి దించండి, ఆ 6,000 ట్రిప్పుది. మొత్తం మానేయమనడం లేదు, మానేస్తే మూడో వారం తెగించి ఒక్క రాత్రిలో అంతా తినేస్తారు, నేను చూశాను ఇలాంటివాళ్ళని. యాప్‌లోంచి కార్డు నంబర్ తీసేయండి, ఊరికే వచ్చే ఆర్డర్లు సగం అక్కడే ఆగిపోతాయి. బయట తిన్నప్పుడు బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపి ఉంటే తీసేయమని అడగండి, మన దేశంలో అది బలవంతంగా వేయకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. ఆ ట్రిప్పు డబ్బు జీతం పడే అకౌంట్‌లో ఉంచొద్దు, వేరే బ్యాంకులో అకౌంట్ తెరిచి 2వ తారీఖునే అటు పోయేట్టు పెట్టండి. పది నెలల్లో 60,000. అప్పటికి చీటీ అయిపోతుంది, వచ్చే 4,75,000లో 40,000 దీనికి తీసుకోండి. మామూలుగా ఇలాంటిదానికి నేను ఒప్పుకోను, మీరు పది నెలలు ఆగితే ఒప్పుకుంటాను. మిగిలింది పాపది, ఇందులో మళ్ళీ చర్చ లేదు. ఆ నెల నుంచి ఖాళీ అయ్యే 20,000 గురించి అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి.

ఉత్తరం చివర ఇన్‌స్టాలో ఫుడ్ పేజీ పెట్టానని, కాబట్టి దీన్ని పెట్టుబడి అనుకోవచ్చేమోనని చిన్నగా ఒక ముక్క తగిలించారు. అనుకోకూడదు. రూపాయి వచ్చిన రోజు చూద్దాం.

ఇంకో సంగతి, పేరున్న షెఫ్‌ల విషయంలో ఎప్పుడూ అడగాల్సింది: మనిషి ఉంటాడా? బోర్డు మీద పేరుండి వంటింట్లో మనిషి లేని రెస్టారెంట్లు ప్రపంచమంతా ఉన్నాయి, ధర మాత్రం మనిషి ఉన్నట్టే వేస్తారు. గగన్ కౌంటర్ ముందు నిలబడి తనే మాట్లాడే రకమని పేరు, అయినా మీ తేదీకి ఆయన ఊళ్ళో ఉంటారో లేదో మెయిల్ పెట్టి కనుక్కున్నాకే బుక్ చేయండి. ఇలాంటి చోట్ల డబ్బు ముందే కట్టించుకుంటారు, మనం వెళ్ళకపోతే చాలాసార్లు వెనక్కి రాదు, అందుకని పాప పరీక్షల తేదీలు చూసుకుని మరీ.

రేపు పొద్దున చేయాల్సింది ఒక్కటే, బ్యాంకుకి వెళ్ళి ఎఫ్‌డీ సంగతి చూసి సాయంత్రానికి కార్డు బాకీ సున్నా చేయడం. చీటీ కంపెనీ వైపు వెళ్ళకండి. వచ్చే ఏడాది తిరిగొచ్చాక నాకు రాయండి, ప్లేటు నిజంగా నాకారో లేదో తెలియాలి.