ఆర్గ్ మోడ్‌లో ఏ పనికి ఎంత సమయం పట్టిందో ఎలా లెక్కపెట్టాలి?

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో నోట్సు, పనుల జాబితాలు రాసుకోడానికి ఉన్న ఆర్గ్ మోడ్ వాడుతుంటే ఇందుకు వేరే యాప్ అక్కర్లేదు. పని పేరున్న శీర్షిక మీద కర్సర్ పెట్టి కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఐ నొక్కితే గడియారం మొదలవుతుంది. చివర ‘ఐ’ బదులు ‘ఓ’ నొక్కితే ఆగుతుంది. రెండు సమయాలూ ఆ శీర్షిక కిందే మామూలు అక్షరాల్లో ఒక లైనుగా పడతాయి. ఒకసారికి ఒకే గడియారం. ఇంకో పని మొదలుపెడితే పాతది దానంతటదే ఆగుతుంది.

ఆపడం మర్చిపోయి భోజనానికి వెళ్లిపోతే? (నాకు తరచూ జరిగేదే.) టెన్షన్ పడకండి. తిరిగొచ్చి గడియారం ఆపి, ఆ లైన్లో ముగింపు సమయాన్ని చేత్తో దిద్ది, అక్కడే కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే వ్యవధి మళ్లీ లెక్కకడుతుంది. మొత్తాలు కావాలంటే కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-డి: లోపలి చిన్న పనులతో కలిపి ప్రతి శీర్షిక పక్కనా కనిపిస్తాయి.