లూసియానాలో ఇళ్ళు బాగుచేయడానికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

స్ప్రింగ్ బ్రేక్‌లో మీ కాలేజీ బృందంతో లూసియానా వెళ్ళి ఇళ్ళు బాగుచేసే పనిలో చేరుతున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. "ఐడా తుఫాను వచ్చి ఆరు నెలలు దాటింది కదా మావయ్యా, ఇంకా మాకు పని మిగిలి ఉంటుందా?" అని అడిగావు. ఫోన్లో నిదానంగా చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

పని ఉంటుంది. ఇళ్ళు నిలబెట్టే పని మొదలయ్యేదే ఇప్పుడు. ఐడా 2021 ఆగస్టు 29న పోర్ట్ ఫోర్షాన్ దగ్గర తీరం దాటింది. అంతకు సరిగ్గా 16 ఏళ్ళ ముందు అదే తేదీన కత్రినా తుఫాను వచ్చింది. ఏ తుఫాను తర్వాతైనా మొదటి రెండు మూడు వారాలు మనుషులకు కొదవుండదు. నీళ్ళ సీసాలు, పాత బట్టలు లారీల కొద్దీ వచ్చిపడతాయి. టీవీ వాళ్ళు వెళ్ళిపోయాక జనం పలచబడతారు. కప్పు మీద నీలం టార్పాలిన్, లోపల గోడలు ఊడదీసిన గదులు, వాటి మధ్య దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం. ఆ ఇళ్ళవాళ్ళు ఎదురుచూసేది ఇప్పుడు వచ్చేవాళ్ళ కోసమే. కత్రినా తర్వాత 2006లో సెయింట్ బెర్నార్డ్ పారిష్‌కి (లూసియానాలో జిల్లాను పారిష్ అంటారు) సాయానికి వచ్చిన ఇద్దరు అక్కడి పరిస్థితి చూసి ఒక సంస్థ మొదలుపెట్టారు. ఎస్‌బీపీ అంటారు దాన్ని. ఇన్నేళ్ళయినా ఆ పని ఆగలేదంటే ఇల్లు మళ్ళీ నిలబడటానికి ఎంత కాలం పడుతుందో చూడు.

హార్వీ తుఫాను తర్వాత ఇక్కడ హ్యూస్టన్‌లో అలాంటి ఇళ్ళలో తిరిగినవాడిగా నీకు ముఖ్యంగా చెప్పదల్చుకున్నది తొందర గురించి. మీ చేతిలో ఉండేది ఒక్క వారం. వెళ్ళేలోపు ఏదో ఒకటి పూర్తిచేసి చూసుకోవాలని ఉంటుంది, అది సహజం. కానీ మంచి మనసుతో వెళ్ళినవాళ్ళ వల్ల ఇంటికి నష్టం జరిగిందంటే, నేను చూసినంతలో ప్రతిసారీ అది తొందర వల్లే.

గోడల సంగతే తీసుకో. వరద నీళ్ళు రెండడుగులే వచ్చినా డ్రైవాల్, అంటే లోపలి గోడలకు బిగించే జిప్సం పలక, దీపపు వత్తిలా తేమను పైకి లాక్కుంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. అందుకే మరక ఎక్కడిదాకా ఉందో అక్కడికి కొయ్యకుండా నాలుగడుగుల ఎత్తున తిన్నగా కోస్తారు. డ్రైవాల్ షీటు వెడల్పు నాలుగడుగులు కాబట్టి తర్వాత కొత్తది అడ్డంగా పెడితే అతికినట్టు సరిపోతుంది. వెనక వేడీ చలీ ఆపడానికి నింపిన ఇన్సులేషన్ తీసేస్తారు, గోడ లోపలి నిలువు చెక్కలైన స్టడ్స్‌కి పట్టిన బూజును బ్రష్షుతో గీకి శుభ్రం చేస్తారు. ఇదంతా చెమటోడ్చే పనేగానీ కష్టమైనది కాదు. కష్టమైనది ఆ తర్వాత ఆగడం. చెక్క పైకి ఎండినట్టే కనిపిస్తుంది, చేత్తో తడిమితే పొడిగానే తగులుతుంది, లోపల మాత్రం తడి ఉంటుంది. తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ గుచ్చి చూస్తేగానీ తెలియదు. సాధారణంగా 15 శాతం కంటే కిందికి దిగేదాకా గోడ మూయకూడదు. ఒక్కచోట చూసి సరేననకు. గది మూలల్లో, కిటికీల కింద, నేలను ఆనుకుని ఉండే అడుగు చెక్కలో విడివిడిగా చూడు. తడి మీద కొత్త డ్రైవాల్ బిగించి రంగేస్తే ఫోటోలో ఇల్లు మెరిసిపోతుంది. కొన్ని నెలలకు ఆ గోడ వెనక మళ్ళీ బూజు, ఇంట్లో పిల్లలకు దగ్గు, అదే గోడ రెండోసారి పగలగొట్టడం. ఆ రెండోసారికి వాళ్ళ దగ్గర డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. మీ సూపర్‌వైజర్ "ఈ ఇల్లు ఇంకా ఆరలేదు, ఇవాళ వేరే ఇంటికి వెళ్దాం" అంటే నిరుత్సాహపడకు. ఆయన ఆ ఇంటికి మంచే చేస్తున్నాడు.

ఇక మనుషుల విషయం. ఇన్ని నెలల తర్వాత కూడా ఎవరూ తలుపు తియ్యని ఇళ్ళు కొన్ని ఉంటాయి, సామాను ఎక్కడిదక్కడే ఉండిపోయినవి. అలాంటి ఇంట్లోకి వెళ్తే ఏ వస్తువునూ మీ అంతట మీరు చెత్త అనుకోవద్దు. హార్వీ తర్వాత ఒక ఇంట్లో మాతో పనిచేసే కుర్రాడు తుప్పు పట్టిన ఇనప మూకుడు తీసుకెళ్ళి రోడ్డు పక్క కుప్ప మీద వేశాడు. కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్న ఆ ఇంటి ముసలావిడ ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళి, దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పటి నుంచి మా బృందం వెళ్ళిన ప్రతి ఇంటి ముందూ ఒక మడత బల్ల వేసేవాళ్ళం. అనుమానం ఉన్న ప్రతిదీ దాని మీదికే. ఇంటివాళ్ళు చూసి చెప్పాకే కుప్పలోకి. దానివల్ల పని ఆలస్యమవుతుంది, అయితే అవనీ. ఇంటివాళ్ళు మాట్లాడాలనుకుంటే సుత్తి కింద పెట్టి విను. తుఫాను రాత్రి ఏం జరిగిందని మాత్రం నువ్వుగా అడక్కు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు. వాళ్ళ ఇంట్లో ఫోటో తియ్యాలంటే ముందు అడుగు, వద్దంటే మళ్ళీ అడక్కు. ఏ గదితో మొదలుపెట్టాలో కూడా వాళ్ళనే అడుగు. అన్నీ చేజారిపోయిన మనిషికి తన ఇంట్లో తన మాట చెల్లడం చాలా పెద్ద విషయం.

పారేసే ముందు వస్తువులన్నింటికీ ఫోటోలు తీశారా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివాటి మోడల్ నంబర్లు రాసుకున్నారా అని ఇంటివాళ్ళకు గుర్తుచెయ్యి. ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు అవే అక్కరకొస్తాయి. బీమా గురించీ, ఫీమా (విపత్తుల్లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సాయం గురించీ నువ్వు సలహా మాత్రం ఇవ్వకు, ఇలాంటి సాయం వ్యవహారాలు చూసే కేస్‌వర్కర్ దగ్గరికి పంపించు. వరద ముప్పు ప్రాంతంలో మరమ్మతు ఖర్చు ఇంటి మార్కెట్ విలువలో 50 శాతానికి చేరితే, ఆ ఇంటిని ఇప్పటి నిబంధనల ప్రకారం కట్టాలి. చాలాచోట్ల దానర్థం ఇల్లంతా ఎత్తు లేపడమే. ఆ లెక్క తేలకముందే మనం ఉత్సాహపడి గోడలు బిగించామంటే ఇంటివాళ్ళు చిక్కుల్లో పడతారు. కొన్ని ఇళ్ళు తాతల పేరు మీదే ఉండిపోయి ఉంటాయి, కాగితాలు ఎవరి పేరా మారవు. కత్రినా తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో ఇల్లు తమదేనని చూపించలేక సాయం అందక అల్లాడినవాళ్ళు ఎందరో. అందుకే "ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదు?" అని నోరుజారి కూడా అనకూడదు.

రోజూ సంతకం పెట్టే షీటు ఉంటుంది, వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేసిన పని రాసేది. దాన్ని నిర్లక్ష్యం చెయ్యకు. ఫీమా సాయంతో జరిగే ప్రభుత్వ పనుల్లో కొంత వాటా స్థానిక ప్రభుత్వం పెట్టుకోవాలి. అర్హత ఉన్న పనుల్లో వాలంటీర్ల గంటలకు విలువ కట్టి ఆ వాటా కింద చూపించుకోవచ్చు. నీ సంతకం కూడా ఆ పారిష్‌కి డబ్బే.

కప్పు ఎక్కే పని మీకు ఇవ్వరు, ఇచ్చినా అనుభవం ఉన్నవాళ్ళు పక్కన లేకుండా ఎక్కకు. కింద నుంచి చూసి నేర్చుకో. కప్పు చెక్కల్ని గోడకు పట్టి ఉంచే చిన్న ఇనప క్లిప్పులు, గాలికి ఊడిరాకుండా ఒంటినిండా గీతలున్న మేకులు. తర్వాతి తుఫానుకు ఆ కప్పు నిలుస్తుందా లేస్తుందా అన్నది చాలావరకు వాటి మీదే ఉంటుంది. కరెంటు, ప్లంబింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళ పని, చెయ్యి పెట్టకు.

జాగ్రత్తలు మీవాళ్ళు చెప్తారు, నేను రెండు మూడే గట్టిగా చెప్తాను. పాత డ్రైవాల్ పీకేటప్పుడూ, బూజు గీకేటప్పుడూ ఎన్95 మాస్కు తియ్యొద్దు. 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, సూపర్‌వైజర్‌ని అడక్కుండా గీకకు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి, వర్షమొచ్చినా గరాజులోకి తెచ్చే మాటే లేదు. 2020లో లారా తుఫాను తర్వాత లూసియానాలో చనిపోయినవాళ్ళలో చాలామందిని బలిగొన్నది గాలీ వానా కాదు, జనరేటర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్.

చివరి రోజు సాయంత్రం ఒక గంట పని మానేసి, మీ తర్వాత వచ్చే బృందానికి కాగితం రాసిపెట్టండి. ఏ గోడ ఎంత ఆరింది, మీటర్ ఏ తేదీన ఎంత చూపించింది, మేకులు ఎక్కడున్నాయి, ఇంటావిడ ఏ గది ముందు కావాలంది, ఏ వస్తువు ముట్టుకోవద్దంది. సగంలో వదిలి వస్తున్నామే అని బాధపడతావని నాకు తెలుసు. ఆ కాగితం ఉంటే మర్నాడు వచ్చేవాళ్ళు ఇంటివాళ్ళను మళ్ళీ మొదటి నుంచి అన్నీ అడగక్కర్లేదు. వాళ్ళు ఇప్పటికే ఆ కథ ఎంతమందికి చెప్పుకున్నారో.

అడుగు మందంగా ఉండి మేకు దిగని బూట్లు కొనుక్కో, కొత్తవి ఇప్పటి నుంచే వేసుకుని తిరుగు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్ళు దాటిందేమో చూసుకుని, దాటితే ఈ వారమే వేయించుకో. మీ అమ్మ కంగారు పడుతోందన్నావు, తనతో నేను మాట్లాడతాను.

నీ మావయ్య