పేరు లేని మెసేజ్ ఎవరిదో వెతకాలా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నాను. తీరిక దొరికినప్పుడు వేసే పెన్సిల్ బొమ్మలు టంబ్లర్ అనే సోషల్ మీడియా సైట్‌లో పెడుతుంటాను. ఈమధ్య పేరు లేకుండా మెసేజ్‌లు వస్తున్నాయి. మొదట్లో బొమ్మలు బాగున్నాయని రాశారు. మొన్న మాత్రం "సాయంత్రం లక్ష్మీపురం మీదుగా ఒక్కదానివే వెళ్తావేం?" అని వచ్చింది. పంపింది ఎవరో చెప్పే యాప్ ఉందట, 499 రూపాయలట. కొనమంటారా? ఇంకో సంగతి. నాకు ఎంతో ఇష్టమైన ఒక ఆర్టిస్టుకి అక్కడే ఒక ప్రశ్న పంపాను. జవాబు రాలేదు. అది వెళ్లిందో లేదో ఎక్కడ చూడాలి?
– పేరు వద్దు

జవాబు: చెల్లీ, ఆ యాప్ జోలికి వెళ్లకు. నీకు వస్తున్న ఇలాంటి మెసేజ్‌లను టంబ్లర్‌లో 'ప్రశ్నలు' అంటారు. పేరు లేని ప్రశ్న ఎవరు పంపారన్నది టంబ్లర్ నీకు చూపించదు. నీ ఖాతాలోకే రాని పేరును బయటి యాప్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఇలాంటి యాప్‌లకు పాస్‌వర్డ్ ఇస్తే డబ్బుతో పాటు నీ బొమ్మలున్న ఖాతా కూడా పోవచ్చు. ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్) పట్టిస్తామనేవాళ్లనూ నమ్మకు. మొబైల్ నెట్‌లో ఒకే అడ్రస్ వెనక ఒకేసారి ఎంతోమంది ఉంటారు. గుంటూరులో ఉన్న మనిషిని హైదరాబాద్‌లో ఉన్నట్టు చూపించినా చూపిస్తుంది.

ఆ లక్ష్మీపురం మాట చదివాక నాకూ భయమేసింది. నిన్ను గమనిస్తున్నానని చెప్పడమే అది. ముందు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, టైము రాసి పెట్టుకో. ఆ తర్వాతే బ్లాక్ చెయ్యి. పేరు తెలియకపోయినా ఆ మెసేజ్ నుంచే బ్లాక్ చేయొచ్చు. పేరు లేని ప్రశ్నలు అసలు రాకుండా సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు, అదీ చెయ్యి. జవాబు మాత్రం రాయకు. పేరు లేనివాళ్లకు విడిగా జవాబివ్వడం అక్కడ కుదరదు, నువ్వు ఏం రాసినా అందరికీ కనిపిస్తుంది. నువ్వు భయపడ్డావని తెలిస్తే వాళ్లకు ఇంకా ఊపు వస్తుంది. నీ బొమ్మల్లో కోచింగ్ సెంటర్ బోర్డో, రోజూ వెళ్లే వీధో గుర్తుపట్టేలా ఉంటే కొన్నాళ్లు తీసెయ్. క్లాసులో ఫలానావాళ్లేనని ఊహించుకుని నిలదీయకు, ఏ పాపం తెలియనివాళ్లు నలిగిపోతారు.

ఇంట్లో అమ్మకు ఈ రోజే చెప్పు. కొన్నాళ్లు ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లు. మళ్లీ ఇలాంటిది వస్తే ఆలోచించకుండా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వు. పేరు దాచుకుని బెదిరిస్తే మామూలు బెదిరింపుకు వేసే శిక్షకు తోడు రెండేళ్ల దాకా జైలు ఉంటుందని నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 351(4) చెబుతోంది. దర్యాప్తు అధికారులు చట్టప్రకారం రాతపూర్వకంగా అడిగితే టంబ్లర్ లాంటి కంపెనీలు 72 గంటల్లోగా వివరాలివ్వాలని 2021 ఐటీ నిబంధనల్లో ఉంది. పేరు బయటికి రావాల్సింది ఈ దారిలోనే.

ఇక నీ రెండో ప్రశ్న. టంబ్లర్‌లో అడిగిన ప్రశ్నలకు 'పంపినవి' అనే చోటు లేదు. నీ పేరుతోనే అడిగి ఉంటే, ఆ ఆర్టిస్టు జవాబిచ్చినప్పుడు నీకు నోటిఫికేషన్ వస్తుంది. పేరు లేకుండా అడిగితే ఆమె పేజీలో చూసుకోవాల్సిందే. ఆమె చెరిపేసినా నీకు తెలియదు. ఈసారి ముందు ఫోన్ నోట్స్‌లో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేసి, నీ పేరుతోనే పంపు.