సైకిల్ బొమ్మ వేసిన కార్ల లేన్‌లో వెళ్లడం సేఫేనా?

అమెరికా నగరాల్లో కార్ల లేన్‌లోనే సైకిల్ బొమ్మ, దాని పైన రెండు బాణపు మొనలు కనిపిస్తాయి. వీటిని షారోలంటారు. ఇది సైకిల్‌కి విడిగా ఇచ్చిన దారి కాదు, లేన్‌లో ఎక్కడ తొక్కాలో చూపే గుర్తు. పక్కన కార్లు పార్క్ చేసే వీధిలో గుర్తు మధ్యభాగం ఫుట్‌పాత్ అంచుకు కనీసం 11 అడుగుల దూరంలో ఉండాలని 2009 నాటి జాతీయ నియమావళి చెప్పింది. ఆగి ఉన్న కారు తలుపు ఠక్కున తెరిచినా మీకు తగలకూడదని. కాబట్టి భయపడి అంచుకు ఒదగకండి, బొమ్మ మీదుగానే వెళ్లండి.

కానీ వెనక నుంచి దూసుకొచ్చే కారును పెయింట్ ఆపలేదు. షికాగో లెక్కలు చూసిన పరిశోధకులకు, విడి సైకిల్ లేన్లున్న చోట్ల తగ్గినంతగా షారోలున్న చోట్ల గాయాలు తగ్గలేదని తేలింది. నన్నడిగితే, కార్లు నెమ్మదిగా వెళ్లే ఇళ్ల మధ్య వీధుల్లో ఫర్వాలేదు. రద్దీ రోడ్డు మీదికి మాత్రం పిల్లల్ని పంపకండి.